మా ఊళ్లో ఓడిన వీరులు

గెలిచినవాళ్ల గురించి రాయడానికి పత్రికలవాళ్లున్నారు. అది వాళ్ల వృత్తి. నేను తెలుగు పంతుల్ని, నాకా బాధ్యత లేదు. అంచేత వరసపెట్టి ఓడిపోయిన ఒక క్రికెట్టు జట్టు గురించి, ఆ ఓటముల మధ్యనే ఉండి "ఆహా, ఆటంటే ఇదీ!" అనిపించిన ఐదారుగురి గురించి నాలుగు మాటలు చెప్పుకుంటాను. క్రికెట్టంటే గిట్టనివారు దయచేసి మధ్యలో లేచి వెళ్లిపోకండి. అంకెలు కొన్ని తప్పవు గాని, మీ ఇంట్లో చీటీపాట లెక్కలకంటె కష్టమైనవేమీ కావు.

జట్టు పేరు డెక్కన్ ఛార్జర్స్. ఇప్పటి పిల్లలకు ఆ మాట చెబితే సెల్‌ఫోనుకు తగిలించే సామాను అనుకుంటారు. మా అమ్మాయి అలాగే అనుకుంది. 2008 లో ఐ.పి.ఎల్. అని ఇరవై ఓవర్ల పోటీలు మొదలైనప్పుడు ఎనిమిది ఊళ్లకు ఎనిమిది జట్లు పుట్టాయి. హైదరాబాదు జట్టును డెక్కన్ క్రానికల్ పత్రిక సంస్థ 10 కోట్ల 70 లక్షల డాలర్లు పోసి కొన్నది. ఆ పత్రిక ఆఫీసు మా సికింద్రాబాదులో, సరోజినీదేవి రోడ్డులో. లోకమంతా దాన్ని హైదరాబాదు జట్టన్నా, మేం మాత్రం సికింద్రాబాదు జట్టేనని వాదించేవాళ్లం. ట్యాంకుబండుకు అటూ ఇటూ ఉన్నవాళ్లకు ఈ తగవు కొత్తదేమీ కాదు.

మా నాన్నగారు దక్షిణ మధ్య రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఆటగాళ్లను వేలం వేస్తున్నారన్న వార్త పేపర్లో చదివి, "మనుషుల్ని వేలం వెయ్యడమేమిట్రా, హరిశ్చంద్రుడి కాలంలోలాగా!" అని ముక్కున వేలేసుకున్నారు. ఆయన మాటలో తప్పు లేదు. ఆయన క్రికెట్టు వేరు. ఆయన దేవుడు ఎం.ఎల్. జయసింహ. 1939 లో సికింద్రాబాదులోనే పుట్టినవాడు. 1960 లో కలకత్తాలో ఆస్ట్రేలియా మీద ఆడిన టెస్టులో అయిదు రోజుల్లో ప్రతిరోజూ బ్యాటు పట్టుకుని మైదానంలో ఉన్నవాడు. అంతకుముందు అలా చేసినవాడు ప్రపంచంలోనే లేడు. చొక్కా కాలరు పైకెత్తి, మెడకు రుమాలు చుట్టి ఆయన నడిచివస్తుంటే చూడ్డానికే టిక్కెట్టు కొనుక్కోవచ్చునని నాన్నగారు కనీసం వెయ్యిసార్లు చెప్పి ఉంటారు.

మరి అంతటి జయసింహ ఏళ్ల తరబడి కెప్టెనుగా ఉన్న హైదరాబాదు జట్టు ఆయన చేతి కింద ఒక్కసారీ రంజీ ట్రోఫీ గెలవలేదు. 1937-38 లో ఒకసారి గెలిచింది. మళ్లీ గెలిచింది 1986-87 లోనే. మధ్యనున్న యాభై యేళ్లలో ఎవరెవరున్నారనుకున్నారు? పటౌడీ, ఆబిద్ అలీ, అబ్బాస్ అలీ బేగ్, జయంతీలాల్! ఒక్కొక్కడూ ఒక్కొక్క మాణిక్యం. దండ మాత్రం కుదరలేదు. ఓడినా సరే, ఆట బాగుంటే చాలుననుకునే గుణం మా ఊరికి ఆ రోజుల్లోనే అబ్బిందేమోనని నా అనుమానం.

ఇంతకీ 2008 సంగతి. మా జట్టులో పేర్లు చూస్తే ఎవరికైనా కళ్లు తిరగాలి. ఆస్ట్రేలియా నుంచి ఆడమ్ గిల్‌క్రిస్టు, ఆండ్రూ సైమండ్సు; పాకిస్తాన్ నుంచి షాహిద్ అఫ్రీది; దక్షిణాఫ్రికా నుంచి హెర్షెల్ గిబ్స్; శ్రీలంక నుంచి చమిందా వాస్. అందరికీ పైన కెప్టెను మన వి.వి.ఎస్. లక్ష్మణ్. పెళ్లికి వెండి పళ్లాలన్నీ తెచ్చి పేర్చినట్టుంది. తీరా పెళ్లి మొదలయ్యాక చూస్తే వంట లేదు! పద్నాలుగు ఆటలాడి రెండు గెలిచారు. ఎనిమిది జట్లలో ఎనిమిదో స్థానం. ఉప్పల్ స్టేడియంలో, అంటే సొంత గడ్డ మీద, ఏడు ఆటలాడి ఏడూ ఓడారు. గెలిచిన ఆ రెండూ కూడా ఒకటి ముంబయి శివారులో, ఒకటి చెన్నైలో. ఇరుగుపొరుగుల ఇళ్లకు వెళ్లి చలాకీగా పనిచేసి, ఇంటికొచ్చి ముసుగుతన్ని పడుకునే పిల్లవాడిలాగా ఉండేది వ్యవహారం.

ముందు లక్ష్మణ్ సంగతి చెప్పాలి. ఎందుకంటే ఆయన చేసిన గొప్ప పని బ్యాటుతో చేసింది కాదు.

ఆ పోటీల్లో "ఐకాన్" అని ఒక హోదా ఉండేది. ముంబయికి టెండూల్కర్, కలకత్తాకు గంగూలీ, బెంగుళూరుకు ద్రావిడ్, ఢిల్లీకి సెహవాగ్, పంజాబుకు యువరాజ్. వీళ్లను వేలం వెయ్యరు; పైగా ఆ జట్టులో అందరికంటె ఎక్కువకు అమ్ముడుపోయినవాడి ధరకు నూటికి 15 వంతులు కలిపి వీళ్లకివ్వాలి. లక్ష్మణ్ మాత్రం ఆ హోదా తనకొద్దన్నాడు. జట్టు ఖర్చు పెట్టగలిగిన మొత్తం 50 లక్షల డాలర్లు. తన వాటా తగ్గితే మంచి ఆటగాళ్లను కొనుక్కోవచ్చునని ఆయన లెక్క. చివరికి సైమండ్సును 13 లక్షల 50 వేల డాలర్లకు కొన్నారు. ఆ లెక్కన లక్ష్మణ్‌కు పదిహేనున్నర లక్షలు రావాలి. ఆయన తీసుకున్నది 3 లక్షల 75 వేలు. నేనీ కూడికలు, తీసివేతలు ఒకసారి కాగితం మీద చేసి మా ఆవిడకు చూపించాను. ఆవిడ కళ్లజోడు సవరించుకుని, "ఆయన భార్య ఏమన్నదో?" అంది. ఆ ప్రశ్న ఏ పత్రికలోనూ కనబడలేదు.

అలా వదులుకున్న సొమ్ముతో వచ్చిన సైమండ్సు ఏం చేశాడో నేను కళ్లారా చూశాను.

2008 ఏప్రిల్ 24. ఇంటర్మీడియెట్ జవాబు పత్రాలు దిద్దే రోజులు. పగలంతా "ప్రబంధ లక్షణములు వివరింపుము" అన్న ప్రశ్నకు మూడువందల రకాల జవాబులు చదివి తల వేడెక్కిపోయి ఉన్నాను. నాన్నగారు అప్పటికే తెల్లచొక్కా తొడుక్కుని, చిన్న సంచిలో మంచినీళ్ల సీసా, పులిహోర పొట్లం పెట్టుకుని గుమ్మంలో కూర్చున్నారు. సీసా, పొట్లం రెండూ లోపలికి రానివ్వరని చెప్పినా వినలేదు. మారేడ్‌పల్లి నుంచి బస్సులో మెట్టుగూడ, తార్నాక, హబ్సిగూడల మీదుగా ఉప్పల్ చేరాం. గేటు దగ్గర పులిహోర పొట్లం కాపలావాడి పాలైంది. "పోనీలే, వాడూ భోజనం చేసి ఉండడు" అన్నారు నాన్నగారు.

అంతకు రెండు రోజుల ముందే అదే మైదానంలో సెహవాగ్ 94 పరుగులు బాది, మావాళ్లను తొమ్మిది వికెట్ల తేడాతో చితకగొట్టి వెళ్లాడు. ఆవేళ వచ్చింది రాజస్థాన్ జట్టు. వాళ్ల కెప్టెను షేన్ వార్న్.

సైమండ్సు బ్యాటు పట్టుకుని వస్తుంటే ఉప్పల్ అంతా లేచి నిలబడి అరిచింది. ఇక్కడొక్క మాట చెప్పాలి. అదే ఏడు జనవరిలో సిడ్నీలో హర్భజన్ సింగుకూ ఈయనకూ పెద్ద గొడవయింది. ఆస్ట్రేలియా, ఇండియా జట్లు రెండూ విడిపోయినంత పనైంది. అంతకు కొద్దినెలల ముందే మన దేశంలోనే కొన్ని మైదానాల్లో జనం ఆయన్ను కోతి చేష్టలతో వెక్కిరించారు. అలాంటిది, మూడు నెలలు తిరిగేసరికి అదే మనిషి మనవాడైపోయాడు! జడలు కట్టిన జుట్టు, కొండలాంటి భుజాలు. నా పక్కనున్న కుర్రాడొకడు, "అన్నా! కొట్టన్నా!" అని గొంతు చించుకుంటున్నాడు. సిడ్నీ గొడవప్పుడు ఆ కుర్రాడు ఏమని తిట్టి ఉంటాడోనని నాకు నవ్వొచ్చింది.

కొట్టాడు. 53 బంతుల్లో 117 పరుగులు, నాటవుట్. ఏడు సిక్సర్లు. బంతి పైకి లేస్తే దీపాల వెలుగులోంచి చీకట్లోకి పోయి, మళ్లీ ఎక్కడో జనం మధ్య తేలేది. జయసింహ మనిషి కదా, ఇలాంటి మోటు ఆటకు నాన్నగారు మొహం చిట్లిస్తారేమోనని అటు చూశాను. ఆయన సంచిలోంచి రైల్వేవారి పాత డైరీ తీసి స్కోరు రాసుకుంటున్నారు. తల ఎత్తకుండానే, "బలం కాదురా, చూపు. వీడి చూపు బంతిని ముందే పట్టేస్తోంది" అన్నారు. రేడియో కాలం నుంచీ స్కోరు రాసే అలవాటు ఆయనకు. మా జట్టు 214 పరుగులు చేసింది. ఇరవై ఓవర్లలో 214! ఇక గెలిచినట్టే అనుకున్నాం. నాకు పులిహోర గుర్తొచ్చింది కూడాను.

రాజస్థాన్ వాళ్లు తగ్గలేదు. గ్రేమ్ స్మిత్ 71 కొట్టాడు, యూసుఫ్ పఠాన్ 61 కొట్టాడు. ఆట చివరి ఓవరుకు వచ్చింది. ఆరు బంతుల్లో 17 పరుగులు కావాలి. లక్ష్మణ్ బంతిని సైమండ్సు చేతికే ఇచ్చాడు. ఆ రాత్రి ఏది పట్టుకున్నా బంగారమవుతున్న చెయ్యి అది. ఎవరైనా అలాగే ఇచ్చేవారు. ఎదురుగా బ్యాటు పట్టుకుని నిలబడ్డది షేన్ వార్న్. వార్న్ పేరు తెలియనివారుండరు, కాని ఆ పేరు బంతి తిప్పినందుకు వచ్చింది. బ్యాటు ఆడినందుకు కాదు. ఒక ఫోరు కొట్టాడు. ఒక సిక్సరు కొట్టాడు. ఇంకొక సిక్సరూ కొట్టాడు. ఒక బంతి మిగిలి ఉండగానే ఆట అయిపోయింది.

అంత పెద్ద స్టేడియం అంత నిశ్శబ్దంగా ఉండగలదని అప్పుడే తెలిసింది. జనం తిట్టలేదు, సీసాలు విసరలేదు. ఎవరికీ ఎవరిమీదా కోపం రాలేదు. నూటపదిహేడు పరుగులు ఇచ్చినవాడే ఆ చివరి పరుగులు కూడా ఇచ్చుకున్నాడు, ఇంక అడిగేదేముంది? తిరుగు బస్సు దొరక్క తార్నాక దాకా నడిచాం. దారిలో నాన్నగారు ఒక్క మాటే అన్నారు: "కర్ణుడి రథచక్రం లాగా అయిందిరా."

నేను క్లాసులో పాఠం చెప్పేటప్పుడు ఈ మాట తరచు జ్ఞాపకం వస్తుంది. మన తెలుగువాళ్ల తీరు చూశారూ? మనం పాడుకున్నది ఎవర్ని? పల్నాటి యుద్ధంలో చిన్న వయసులోనే చచ్చిపోయిన బాలచంద్రుణ్ని. 1757 లో కోట కూలిపోయిన బొబ్బిలివాళ్లను, తాండ్ర పాపారాయుణ్ని. పద్మవ్యూహంలోంచి బయటపడలేకపోయిన అభిమన్యుణ్ని. ఆ యుద్ధాల్లో గెలిచింది ఎవరో మా పిల్లల్ని అడిగితే సగంమంది తెల్లమొహం వేస్తారు. గెలిచినవాడికి శాసనం ఉంటుంది. ఓడినవాడికి బుర్రకథ ఉంటుంది. రాజస్థాన్ జట్టు ఆ ఏడాది కప్పు గెలిచింది. అయినా మా ఉప్పల్లో ఆ రాత్రి గురించి ఎవర్ని కదిపినా మొదట వచ్చేది సైమండ్సు పేరే.

2022 మార్చి 4 న వార్న్ థాయిలాండులో గుండె ఆగి పోయాడు. ఇద్దరికీ స్నేహం ఉండేది. మే 14 న సైమండ్సు తన దేశంలోనే టౌన్స్‌విల్ దగ్గర కారు బోల్తాపడి పోయాడు. మధ్యలో పది వారాలు. ఒకడికి 52 యేళ్లు, ఒకడికి 46. ఆ వార్త వచ్చిన రోజు ఆదివారం. మా ఇంట్లో వాళ్లకు నేనెందుకు భోజనం దగ్గర మాట్లాడ్డం లేదో అర్థం కాలేదు. ఆ చివరి ఓవరులో బంతి వేసినవాడూ లేడు, కొట్టినవాడూ లేడు. చూసిన మేమే మిగిలాం.

గిల్‌క్రిస్టును మాత్రం మేం మంచి రోజున చూడలేకపోయాం, టీవీలోనే చూశాం. ఏప్రిల్ 27 న ముంబయి వాళ్లు 154 చేస్తే, మావాళ్లు ఒక్క వికెట్టు పోకుండా పన్నెండు ఓవర్లలో కొట్టేశారు. గిల్‌క్రిస్టు 47 బంతుల్లో 109. అందులో పది సిక్సర్లు. అవతలి కొసన లక్ష్మణ్ 37 పరుగులతో నిమ్మళంగా నిలబడ్డాడు. 2001 లో కలకత్తాలో ఆస్ట్రేలియా మీద 281 కొట్టి, ఈ గిల్‌క్రిస్టు జట్టునే నేలకు దించినవాడు లక్ష్మణ్. ఇప్పుడా ఇద్దరూ ఒకే రంగు చొక్కాలు వేసుకుని నవ్వుకుంటూ పరుగులు తీస్తున్నారు. వేలంపాటను తిట్టిన మా నాన్నగారు ఆవేళ ఆ మాట వెనక్కి తీసుకోలేదు గాని, టీవీ ముందు నుంచి కదలలేదు. కొద్దిరోజులకే లక్ష్మణ్ చేతికి దెబ్బ తగిలి తప్పుకుంటే గిల్‌క్రిస్టే కెప్టెనయ్యాడు. సైమండ్సు తన దేశం పిలిస్తే మధ్యలో వెళ్లిపోయాడు. అక్కణ్నుంచి మా పడవ మునగడం వేగం పుంజుకుంది.

మునిగే పడవలో ఒక కుర్రాడు మాత్రం నిలబడి తెడ్డు వేస్తూనే ఉన్నాడు. పేరు రోహిత్ శర్మ. వాళ్లది ముంబయి అయినా తల్లిగారి ఊరు విశాఖపట్నం. ఏప్రిల్ 30 న అతనికి ఇరవై ఒక్క యేళ్లు నిండాయి. మర్నాడే మా ఉప్పల్లో పంజాబు మీద 76 కొట్టి నాటవుట్‌గా నిలిచాడు. ఆటా? ఓడిపోయాం, అడగాలా? ఆ ఏడాది మొత్తం మీద 404 పరుగులు చేశాడు. తొందర పడినట్టు కనిపించడు, బంతి మాత్రం తొందరగా పోతుంది. నాన్నగారు ఇతన్ని చూసి, "కాలరు పైకెత్తితే జయసింహే" అన్నారు. ఆయన నోటివెంట అంతకు మించిన పొగడ్త ఉండదు. 2024 లో రోహిత్ కెప్టెనుగా మన దేశం బార్బడోసులో ప్రపంచ కప్పు గెలిచిన రాత్రి ఇరుగుపొరుగు టపాకాయలు కాల్చారు. నేను కాల్చలేదు గాని, మే 1 నాటి ఆ డెబ్బై ఆరు పరుగుల్ని తలుచుకున్నాను. వాటిని తలుచుకునేవాడు ఆ వీధిలో మరొకడు ఉండి ఉండడు.

విశాఖపట్నం అసలు బిడ్డ వేణుగోపాలరావు. ఇండియాకు పదహారు వన్డేలు ఆడినవాడు. మే 11 న కలకత్తావాళ్లు ఉప్పల్లో 204 కొడితే, ఇతను 71 పరుగులతో చివరిదాకా అజేయంగా ఉన్నాడు. జట్టు 23 పరుగుల దూరంలో ఆగిపోయింది. తెలుగువాడు తెలుగుగడ్డ మీద ఆడిన ఆట గనుక నాకు మరికాస్త పక్షపాతం ఉందనుకోండి. పక్షపాతం లేని ప్రేక్షకుడు టిక్కెట్టు కొనడు. బంతి వేసేవాళ్లలో ఆర్.పి. సింగ్ ఆ ఏడాది 15 వికెట్లు తీశాడు. ప్రజ్ఞాన్ ఓఝా అని ఇరవై ఒక్కేళ్ల ఎడమచేతి స్పిన్నరు. ఒరిస్సా పిల్లవాడే గాని ఆడింది హైదరాబాదుకు. అఫ్రీది సంగతి వదిలేద్దాం, వచ్చాడు, వెళ్లాడు.

ఏడు ఓటములూ నాన్నగారి డైరీలో వరసగా ఉన్నాయి. ఢిల్లీ, రాజస్థాన్, పంజాబు, కలకత్తా, ముంబయి, బెంగుళూరు, చెన్నై. ప్రతిదాని పక్కా మన వాళ్లలో బాగా ఆడినవాడి పేరు కింద సున్నితంగా ఒక గీత. ఆట పోయినా గీత మాత్రం ఎక్కడా తప్పలేదు. చివరి ఓటమినాడు నేను, "ఇంకెందుకండీ ఈ జట్టు?" అంటే, "మన పిల్లవాడు ఫెయిలైతే పక్కింటి పిల్లవాణ్ని తెచ్చుకుంటామా?" అన్నారు. ఆ మాటతో నా నోరు మూతపడింది, ఎందుకంటే లెక్కల్లో నేను ఇంటర్మీడియెట్ రెండుసార్లు రాసినవాణ్ని.

మర్నాటి ఏడు జరిగింది మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 2009 లో సాధారణ ఎన్నికల మూలాన పోటీలన్నీ దక్షిణాఫ్రికాకు తరలిపోయాయి. సొంత ఊళ్లో ఆడే పని తప్పింది కాబోలు, మావాళ్లు గెలవడం మొదలెట్టారు! రోహిత్ ఒక ఆటలో చివరి ఓవరులో 21 పరుగులు కావలసి ఉంటే కొట్టిపెట్టాడు. ఇంకొక ఆటలో బంతి పుచ్చుకుని ముంబయి మీద వరసగా మూడు వికెట్లు తీశాడు. సెమీఫైనల్లో గిల్‌క్రిస్టు ఢిల్లీని 35 బంతుల్లో 85 కొట్టి ఊదేశాడు. మే 24 న జొహానెస్‌బర్గులో ఫైనలు, బెంగుళూరుతో. గిల్‌క్రిస్టు మూడో బంతికే కుంబ్లే చేతిలో సున్నాకు అవుటయ్యాడు. గిబ్స్ 53 కొట్టి నిలబెడితే స్కోరు 143. చివరి ఓవరులో బెంగుళూరుకు 15 కావాలి, ఆర్.పి. సింగ్ ఎనిమిదే ఇచ్చాడు. ఆరు పరుగుల తేడాతో కప్పు మాది. అడుగున ఉన్నవాళ్లు ఏడాది తిరిగేసరికి పైకెక్కారు. ఆర్.పి. సింగ్ 23 వికెట్లతో ఆ పోటీలన్నిటిలో మొదటివాడయ్యాడు.

అర్ధరాత్రి ప్యాట్నీ దగ్గర కుర్రాళ్లు మోటారు సైకిళ్ల మీద జెండాలు తిప్పారు. నాన్నగారు డైరీలో గీత గీసి, "బాగుంది" అని ఊరుకున్నారు. కాసేపాగి, "ఉప్పల్లో గెలిస్తే ఇంకా బాగుండేది" అన్నారు. ఏం మనిషో చూడండి! కప్పు వచ్చింది చాలదట.

మరుసటి యేడు ఉప్పల్లో ఆటలే జరగలేదు. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం ముమ్మరంగా సాగుతున్న రోజులు. 2010 లో మా జట్టు "సొంత" ఆటలు నాగపూరులో, కటకంలో, ముంబయి దగ్గర ఆడింది. ఓఝా ఆ ఏడు 21 వికెట్లు తీసి, ఆర్.పి. సింగ్ తరువాత తానూ మొదటివాడనిపించుకున్నాడు. ఆ డిసెంబరులో మా నాన్నగారు పోయారు. పెద్ద జబ్బేమీ లేదు. రాత్రి భోంచేసి పడుకున్నారు.

2011 కు జట్టు మారిపోయింది. మళ్లీ వేలం వేసి అందర్నీ చెల్లాచెదురు చేశారు. గిల్‌క్రిస్టు పంజాబుకు, రోహిత్ ముంబయికి, లక్ష్మణ్ కొచ్చికి. సంగక్కర కెప్టెనుగా వచ్చాడు. ఏప్రిల్ 9 న ఉప్పల్లో మొదటి ఆట. రాజస్థాన్ చేతిలోనే ఓటమి. ఆ మైదానంలో అది వరసగా ఎనిమిదోది. ఏప్రిల్ 14 న బెంగుళూరుతో ఆట. టిక్కెట్లు ఉన్నాయని స్నేహితుడు పిలిచాడు. నాకు వెళ్లబుద్ధి కాలేదు. జవాబు పత్రాల కట్ట ముందేసుకుని టీవీ పెట్టుకున్నాను. మావాళ్లు 175 చేశారు. బెంగుళూరువాళ్లు 142 దగ్గర ఆగిపోయారు. 33 పరుగుల తేడా. మూడేళ్ల తర్వాత ఉప్పల్లో డెక్కన్ ఛార్జర్సుకు మొదటి గెలుపు. గెలిచినవాళ్లలో మొదటి ఏటి వీరుడు ఓఝా ఉన్నాడు.

2012 సెప్టెంబరులో ఆ జట్టునే రద్దు చేశారు. సన్ టీవీవాళ్లు కొత్త జట్టు కొని సన్‌రైజర్సు అని పేరు పెట్టారు. 2016 లో వాళ్లూ కప్పు గెలిచారు. మా అమ్మాయి నారింజరంగు చొక్కా వేసుకుని, మెట్రో రైలెక్కి, స్టేడియం అనే స్టేషన్లో దిగి ఆ ఆటలు చూసొస్తుంది. బస్సూ అక్కర్లేదు, తార్నాక దాకా నడకా అక్కర్లేదు. నాకు అభ్యంతరం లేదు. దాని కాలం దానిది.

బెంగుళూరు మీద గెలిచిన ఆ రాత్రి మాత్రం బీరువాలోంచి డైరీ తీశాను. నాన్నగారి గుండ్రటి అక్షరాల కింద నా కోడిగీతల్లో 175, 142 అని రాసి, తారీఖు వేసి, స్టేన్ పేరు కింద గీత గీశాను. తెల్లారి లేచి చూస్తే ఎదుటి పుటలో మా ఆవిడ పాలలెక్క రాసుకుంది.